నిమ్మకాయకు బదులు

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నాకు మందు అలవాటు లేదు. ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఎన్ని వీడ్కోలు విందులు, ఎన్ని ప్రమోషను పార్టీలు చూశానో లెక్క లేదు గాని, అన్నిట్లోనూ నా చేతిలో ఉన్నది సోడా గ్లాసే. కాబట్టి ఈ వ్యాసంలో రమ్ము, జిన్ను అంటూ పేర్లు కనబడితే మన పత్రిక చదివే పిన్నిగార్లు, అత్తయ్యగార్లు కంగారు పడనక్కర లేదు. నేను చెప్పబోయేది పళ్ళరసాల సంగతి, నేను చూసిన గోవా సంగతి.

2022 ఏప్రిల్లో నేను గోవా వెళ్ళింది విహారానికి కాదు. మా అక్కయ్య పంపితే వెళ్ళాను. మా మేనల్లుడు బి.కాం. చదివాడు, నా సలహా మీదే. బ్యాంకు పరీక్షలకి తయారయ్యాడు, అదీ నా సలహా మీదే. రెండుసార్లు రాశాడు. మూడోసారి హాల్ టిక్కెట్టు బల్లమీద పెట్టేసి, హోటల్ పని నేర్చుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. హోటలంటే వంటో, రిసెప్షనో అనుకున్నాం. ఏడాది తిరిగాక తెలిసింది, పంజింలో ఒక బారులో కాక్‌టెయిళ్ళు కలిపే ఉద్యోగమని. మా బావగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆ మాట చెవిన పడ్డ రోజునుంచీ కొడుకుతో మాట్లాడ్డం మానేశారు. అప్పటికి రెండేళ్ళు.

మే నెలలో మేనకోడలి పెళ్ళి. అవతలివారికి "అబ్బాయి గోవాలో హోటల్ మేనేజరు" అని చెప్పి ఉంచారు. అక్కయ్య నన్ను పిలిచి, "ఒరే తమ్ముడూ, వాడికి దారి చూపించింది నువ్వే. నువ్వే వెళ్ళి తీసుకురా. రానంటే కనీసం పెళ్ళిలో ఉద్యోగం మాట ఎత్తనని ఒట్టైనా వేయించుకురా" అంది. రెండోది ఆవిడ మాట కాదని, వెనక గదిలో పేపరు చదువుతున్నాయన మాటని నాకు తెలుస్తూనే ఉంది.

మా బరంపురం నుంచి గోవాకి అమరావతి ఎక్స్‌ప్రెస్సుంది, రైలు మారనక్కర లేదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస దాటుతుంటే కిటికీలోంచి ఉద్దానం జీడిమామిడి తోటలు. తరువాత విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి, హుబ్బళ్ళి. తెలుగు నేలను ఒక చివరనుంచి ఇంకో చివరకి కొలిచినట్టు పోతుంది ఆ రైలు. కేజిల్‌రాక్ దగ్గర ఆగి, ఘాటు దిగడానికి అదనపు ఇంజన్లు తగిలిస్తారు. వాటిని రైల్వేవాళ్ళు బ్యాంకర్లు అంటారని పక్క ప్రయాణికుడు చెప్పాడు. బరువంతా మోస్తూ వెనకాల ఉండేవాడు బ్యాంకరే అయ్యాడన్నమాట అక్కడ కూడా! దూద్‌సాగర్ జలపాతం 310 మీటర్ల ఎత్తునుంచి పాలలా దూకుతుందని విని కెమెరా సిద్ధం చేసుకున్నాను. ఏప్రిల్ కదా, నల్లని బండమీద సన్నని దారం వేలాడుతోంది. అంతే.

మేనల్లుడు స్టేషనుకి వచ్చాడు. కాస్త చిక్కాడు. "ఎలాగున్నావు మావయ్యా, నాన్న ఎలాగున్నారు?" అన్నాడు. రెండో ప్రశ్నకి జవాబు కోసం నా మొహం చూశాడు. బాగానే ఉన్నారన్నాను.

ఆ వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. మార్చిలోనే ఎండలు ముదిరాయి. నిమ్మకాయలు కొండెక్కి కూర్చున్నాయి. మా బరంపురం బజార్లో ఒక్కొక్క కాయ పది రూపాయలు పలికింది. కూరగాయలతోబాటు ఊరికే పడేసే రెండు కాయలకి డబ్బులడిగినందుకు అక్కయ్య కూరలమ్మితో తగువు కూడా వేసుకుంది. గూడూరు బజారునుంచి ఢిల్లీదాకా నిమ్మకాయ పంపించే రాష్ట్రం పక్కనే ఉండి మనకే ఈ గతి పడితే, గోవా బార్ల గతి చెప్పాలా? "రోజుకి రెండువందల కాయలు పిండుతాం మావయ్యా. సగానికి తగ్గించమని పైవాళ్ళ హుకుం. వారం రోజులుగా నా పని అదే, నిమ్మకాయకి బదులు వెతకడం" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, బారు తెరవక ముందు, నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. నేను ఊహించుకున్న చీకటి కొట్టు కాదది. తెల్లని పలకల గోడ, గ్లాసుల వరస, కొలత గిన్నెలు, ఒక చిన్న త్రాసు, మూతమీద తేదీ అంటించిన సీసాలు. మా బ్రాంచి స్ట్రాంగ్‌రూములో కూడా అంత క్రమం నేను చూడలేదు. ఒక రూళ్ళ పుస్తకంలో ఏ రోజు ఏ పండు, ఎంత రసం, రుచి ఎలా వచ్చిందీ వరసగా రాసి ఉంది. అక్షరాలు అచ్చం వాళ్ళ నాన్నవి.

"నీకు మందు లేకుండా చూపిస్తాను" అని రెండు గ్లాసులు పెట్టాడు. డైకిరీ అని ఒక పాత పానీయం ఉందిట. క్యూబా దేశంలో శాంటియాగో దగ్గరి ఒక ఊరి పేరది. అక్కడి ఇనుప గనుల్లో పనిచేసిన అమెరికా ఇంజనీర్లు 1900 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చారు. 60 మిల్లీలీటర్ల రమ్ము, సుమారు 25 నిమ్మరసం, 20 పంచదార పాకం, అంతే సరుకు. నాకు రమ్ముకి బదులు నీళ్ళు పోశాడు. మొదటి గ్లాసు మనం ఇంట్లో చేసుకునే షర్బతే, కొంచెం ఘాటుగా ఉంది. రెండో గ్లాసులో నిమ్మరసం తీసేసి సరిగ్గా అంతే అనాసరసం పోశాడు. తాగి చూస్తే చప్పటి బెల్లం నీళ్ళు.

"ఎందుకలా అయింది?" అన్నాను.

"నువ్వే చెప్పాలి మావయ్యా. ఇది డెబిట్టు క్రెడిట్టే" అన్నాడు.

నిమ్మరసంలో పులుపు, అంటే ఆమ్లం, నూటికి 6 పాళ్ళదాకా ఉంటుంది. చక్కెర నామమాత్రం. అనాసలోనూ నారింజలోనూ పులుపు ఒక పాలు, అటూ ఇటూ. చక్కెర మాత్రం పది పాళ్ళు. చెంచాకి చెంచా మార్చామంటే పులుపు ఖాతాలో ఆరోవంతే మిగులుతుంది, తీపి ఖాతాలో అడక్కుండా జమ పడుతుంది. రెండువైపులా తప్పే. పాకం తగ్గించాలి, రసం పెంచాలి, కొంత నిమ్మ ఉండనే ఉండాలి. అప్పుడు గాని పద్దు సరిపడదు. ఎవరైనా చదువుకునే రోజుల్లో నాకు రసాయనశాస్త్రం ఈ భాషలో చెప్పి ఉంటే నేను కామర్సులో చేరేవాణ్ణి కాదేమో.

ఇంకా తమాషా ఏమిటంటే, పేరుమోసిన పానీయాల్లో కూడా నిమ్మని పూర్తిగా తోసేసి ఇంకో రసాన్ని కూర్చోబెట్టినవాళ్ళు తక్కువట. సింగపూరు రాఫెల్స్ హోటల్లో 1915 ప్రాంతంలో ఙియామ్ టాంగ్ బూన్ అనే బార్‌టెండరు చేశాడని చెప్పుకునే సింగపూర్ స్లింగ్ ఉంది. ఇప్పుడు దాంట్లో 120 మిల్లీలీటర్ల అనాసరసం పోస్తారు. అయినా పక్కన 15 నిమ్మరసం తప్పదు. రచయిత హెమింగ్వే హవానాలో ఫ్లోరిడీటా బారుకి వెళ్ళి, డైకిరీలో పంచదార వద్దు, రమ్ము రెట్టింపు చెయ్యమనేవాడు. ఆయన పేరుమీద ఇప్పుడు చేసే దాంట్లో పంపరపనస జాతి గ్రేప్‌ఫ్రూట్ రసం చేరింది గాని నిమ్మ పోలేదు. కొత్త కోడలొచ్చినా అత్తగారు వంటింట్లోనే ఉంటుందన్నమాట.

అప్పుడు నాకు తట్టింది. "ఒరేయ్, ఇది మన పులిహోర గొడవే కదరా" అన్నాను. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, మామిడికాయ పులిహోర, దబ్బకాయ పులిహోర. అన్నం అదే, పోపు అదే, పులుపే మారింది. కాని చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి. నిమ్మరసం పొయ్యిమీద పోస్తే చేదెక్కుతుంది, దింపాకే పిండాలి. మామిడి కోరు వేస్తే ఉప్పు మళ్ళీ చూసుకోవాలి. మా అమ్మ వీటిలో ఒకదాని కొలత ఇంకోదానికి ఎన్నడూ వాడలేదు. వాడు నవ్వి, "నేను ఆ పుస్తకంలో మొట్టమొదట రాసుకున్నది అదే మావయ్యా" అని మొదటి పేజీ తీసి చూపించాడు. పైన మా అమ్మ పేరు, కింద నాలుగు పులిహోరలు.

నారింజరసానికి నిమ్మ పులుపు తెప్పించే చిట్కా కూడా చేసి చూపించాడు. లీటరు నారింజరసంలో 32 గ్రాముల నిమ్మఉప్పు, 20 గ్రాముల మాలిక్ ఆమ్లం కలిపితే నిమ్మరసమంత పులుపవుతుంది. డేవ్ ఆర్నాల్డ్ అనే అమెరికా ఆయన 2014లో రాసిన పుస్తకంలోది. త్రాసులో తూచి కలిపాడు. పులుపు వచ్చిన మాట నిజం. నిమ్మ తొక్క వాసన మాత్రం రాలేదు. నాకు నచ్చలేదు, అదే చెప్పాను. వాడికీ నచ్చలేదట. ఎర్ర ఇంకుతో కొట్టేశాడు.

శుక్రవారం మాపుసా సంతకి వెళ్ళాం. గోవా చూడాలంటే సముద్రం ఒడ్డుకి ఎందుకు పరిగెడతారో నాకు అర్థం కాదు, ఈ సంతకి వెళ్ళాలి. చుట్టలు చుట్టిన సాసేజీలు, ఎండు రొయ్యలు, మట్టి కుండలు, రకరకాల అరటిగెలలు. మా వాడు పులుపు అమ్మే ఆడవాళ్ళ వరస దగ్గరే గంటసేపు కూర్చున్నాడు. వాళ్ళతో కొంకణిలో బేరమాడుతున్నాడు, వాళ్ళు వీణ్ణి పేరుపెట్టి పిలుస్తున్నారు. కోకం తొక్కల్ని ఎండబెట్టి నల్లగా మెరిసేలా అమ్ముతారు, సోలాం అంటారు వాటిని. నీళ్ళలో వేస్తే దానిమ్మ రంగు వస్తుంది. కొబ్బరిపాలు కలిపితే వాళ్ళు అన్నంతో తాగే సోల్‌కడీ. ఇంకొకటి బింబ్లీ. చిన్న దోసకాయల్లా గుత్తులు గుత్తులుగా చెట్టు మానుకే కాస్తుంది. కొరికితే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. నిమ్మకాయ డబ్బుతో బుట్టెడు బింబ్లీ వచ్చింది. అక్కడే ఒక గంపలో మన చింతకాయలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. చింతపండులో ఉన్నది ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమేనని, బెల్లంతో కలిపి నల్ల రమ్ములో పోస్తే రెండూ చక్కగా కుదురుతాయని వాడి అనుభవం. నేను సాక్ష్యం చెప్పలేను. బెల్లం, చింతపండు కుదరడం మాత్రం నాకు తెలుసు.

వచ్చే దారిలో కాదు గాని, మర్నాడు ప్రత్యేకంగా వాల్‌పొయ్ వైపు కొండల్లోకి బస్సులో వెళ్ళాం. జీడిమామిడి కాలం అది. చెట్టుమీద కాయ కొయ్యరు. రాలిన పళ్ళే ఏరుతారు. గింజ తిప్పి తీసేసి, పళ్ళు రాతి తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కుతారు. ఆ రసం తనంతట తనే రెండు మూడు రోజులు పులుస్తుంది. కాచి దింపితే మొదటిది ఉర్రాక్, దాన్ని మళ్ళీ కాస్తే ఫెనీ. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జీడిమామిడిని బ్రెజిల్ నుంచి తెచ్చింది పోర్చుగీసువారే. తొక్కాక మిగిలిన పళ్ళ ముద్దమీద బండ పెట్టి ఉంచితే దానంతట దిగే తేట రసాన్ని నీరో అంటారు. పులియకముందు తాగితే మత్తు లేదు. ఇది నేను తాగాను. రెండు గ్లాసులు తాగాను. తియ్యగా, చివర్లో గొంతు పట్టుకునే ఆ వగరు, చిన్నప్పుడు పలాసలో మా పెదనాన్న తోటలో ఉప్పు అద్దుకుని తిన్న పళ్ళ వగరే. చొక్కా మీద మరకలకి తిన్న దెబ్బలు కూడా గుర్తొచ్చాయి. మా ఉద్దానంలో గింజ తీసుకుని, పండు చెట్టుకిందే వదిలేస్తాం. ఈగలు ముసురుతాయి. రైల్లోంచి చూసిన తోటలన్నీ కళ్ళముందు తిరిగాయి.

ఆ రాత్రి డాబామీద కూర్చున్నాం. వచ్చిన పని మొదలెట్టాలి కదా. ఎక్కడ మొదలెట్టాలో తెలియక, "ఈ పని మన ఇళ్ళల్లో లేదురా" అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "నువ్వు రేపల్లె బ్రాంచిలో చేశావు కదా, నిజాంపట్నం తెలుసా?" అన్నాడు. తెలియకేం! పడవ అప్పుల వసూలుకి ఎన్నిసార్లు తిరిగానో. చేపలరేవు, చవుడు నేల, ఉప్పుగాలి. "ఈ కాక్‌టెయిళ్ళన్నిటికీ పెద్దమ్మ పంచ్ మావయ్యా. సారా, పంచదార, నిమ్మరసం, నీళ్ళు, మసాలా దినుసు. ఐదు. పంచ్ అంటే మన ఐదే అంటారు. కాదు, పీపాకి ఉన్న ఇంగ్లీషు పేరునుంచి వచ్చిందని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ మాట ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో మనకి తెలిసినంతలో మొదట కనబడేది 1632లో, రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి రాసిన ఉత్తరంలో. ఉత్తరం చేరింది పెట్టపోలిలో ఉన్న కంపెనీ వర్తకుడికి. ఆ పెట్టపోలి మీ నిజాంపట్నం."

1611లో గ్లోబ్ అనే కంపెనీ ఓడ అక్కడ ఆగిందని నాకు తెలుసు. ఈ ఉత్తరం సంగతి తెలియదు. ఒకవేళ కంపెనీ నౌకర్ల తాగుడుకి మన తీరం చిరునామా అయినంత మాత్రాన అది గొప్పని నేననుకోను. కాని నిమ్మకాయ మనది, బెల్లం మనది, దినుసు మనది. తూచి కలపడం ఎవరు నేర్పారో ఉత్తరంలో రాయలేదు.

"పెళ్ళికి వస్తాను. ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను మావయ్యా. అడక్కపోతే నాకై నేను చెప్పను" అన్నాడు. ఈ జవాబు పట్టుకుని రైలెక్కాను. బావగారు విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పేపరు తెరిచారు.

పెళ్ళి పదిహేను రోజులుందనగా వంటవాడు జాబితా తెచ్చాడు. విడిదిలో నాలుగువందల మందికి నిమ్మ షర్బతు, కాయలకే మూడువేల పైచిలుకు. బావగారు పెన్సిలుతో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టారు. కొట్టెయ్యలేదు, ఒప్పుకోలేదు. సాయంత్రం నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి, "ఏమోయ్, నిమ్మకాయ లేకుండా షర్బతు అవుతుందేమో వాణ్ణి అడుగు" అన్నారు.

ఫోను కలిపి బల్లమీద పెట్టి, స్పీకరు నొక్కాను. అవతల వాడు సంగతి విని, "పచ్చిమామిడి చౌకగా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "మన ఊళ్ళో పణా సంక్రాంతికి మారేడు పణా చేస్తారు కదా, అలాగే ఇది మామిడి పణా. ఇరవై కిలోల మామిడి, పన్నెండు కిలోల బెల్లం. నీళ్ళతో కలిపి మొత్తం ఎనభై లీటర్లు చెయ్యమను." బావగారు వరసగా రాసుకుంటున్నారు. "పంచదారైతే ఎంతో అడుగు" అన్నారు నాతో. అడిగాను. "ఉప్పెంతో అడుగు." అడిగాను. మూడోసారి నావైపు తిరగలేదు. ఫోనువైపు కొంచెం వంగి, "ముందు ఉడకబెట్టాలా?" అన్నారు.

అవతల రెండు క్షణాలు ఏమీ వినిపించలేదు. తరువాత, "ఉడకబెట్టాలి నాన్నా. తొక్కతోనే. చల్లారాక గుజ్జు తియ్యాలి" అన్నాడు. అక్కయ్య గుమ్మంలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

పెళ్ళికి నాలుగు రోజుల ముందే వచ్చాడు. డ్రమ్ములు కడిగించి, త్రాసు పెట్టుకుని, వంటవాడితో రెండుసార్లు పోట్లాడి మరీ చేశాడు. మగపెళ్ళివారి పెద్దాయన ఒకరు మూడో గ్లాసు పుచ్చుకుంటూ, "ఎవరండీ చేసింది?" అన్నారు. నా గుండె గుభేలుమంది. బావగారు, "మావాడే. గోవాలో వాడి ఉద్యోగం ఇదే. బారులో" అని, రెండో డ్రమ్ములో ఐసు ఉందో లేదో చూడ్డానికి అటు వెళ్ళారు. పెద్దాయన గ్లాసు ఖాళీ చేసి, గోవాలో గదులెక్కడ చౌకగా దొరుకుతాయని వాణ్ణి అడగడం మొదలెట్టారు.

ఇంట్లో చేసుకునేవారికి ఇరవై గ్లాసుల కొలత ఇది. పుల్లని పచ్చిమామిడికాయలు కిలో తొక్కతో మెత్తగా ఉడికించి గుజ్జు తియ్యండి. 600 గ్రాముల బెల్లం కరిగించి వడకట్టి కలపండి. రెండు చెంచాల ఉప్పు, రెండు చెంచాల వేయించిన జీలకర్ర పొడి, అరచెంచా మిరియాల పొడి వేసి, మొత్తం నాలుగు లీటర్లయ్యేలా చల్లని నీళ్ళు పొయ్యండి. కాయ పులుపును బట్టి బెల్లం అటూ ఇటూ చేసుకోవాలి. నిమ్మకాయ చౌకగా ఉన్న రోజుల్లో ఒక చెక్క పిండుకోవచ్చునని మేనల్లుడి సలహా. అక్కర లేదని మా బావగారు.